పొట్టి మీద చిప్ప, చిప్ప మీద పొట్టి



ఈ నెల గోడపత్రికలో నా వంతు క్రోషే అల్లిక. ఈ కాగితం పక్కన గుండుసూదులతో గుచ్చిన పసుపు, నలుపు, ఎరుపు ఊలు ముక్క చూశారు కదా! చదువుతూ దాన్ని చూడండి, చేత్తో తడమండి. దయచేసి పీకొద్దు. క్రోషేలో చివరి కొస ఒక్కటి లాగితే ముక్కంతా విడిపోతుంది. ఎందుకు విడిపోతుందో కింద రాశాను.

ఆ ముక్క మీద ఎత్తుగా, గుండ్రంగా కనబడేవాటికి మన హాస్టల్లో "తాబేటి చిప్ప" అని పేరు పెట్టుకున్నాం. ఇంగ్లీషులో దీన్ని షెల్ స్టిచ్ అంటారు. షెల్ అంటే గవ్వ అని చెప్పుకోవచ్చు, తాబేటి చిప్ప అని కూడా చెప్పుకోవచ్చు. శ్రీకూర్మంలో ఉన్నవాళ్ళం, మనకి రెండో అర్థమే నచ్చింది. కూర్మనాథస్వామి గుడి దగ్గర నక్షత్ర తాబేళ్ళను చూసే ఉంటారు. నల్లటి చిప్ప, దాని మీద చిన్న చిన్న గోపురాల్లాగ లేచిన బిళ్ళలు, ప్రతి బిళ్ళ నెత్తి నుంచి కిందికి దిగే పసుపు చారలు. వెన్ను మీద నడుమ వరుసలో 5, అటు 4, ఇటు 4, మొత్తం 13 పెద్ద బిళ్ళలు ఉంటాయి. ఒక బిళ్ళ పక్క బిళ్ళలో ఇమిడిపోయి ఎక్కడా సందు కనబడదు. మన కుట్టు కూడా అలాగే ఇమిడిపోతుంది. (తాబేళ్ళను చూడడం వరకే. ఇంటికి తెచ్చుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.)

క్రోషే అంటే ఏమిటి?

పొందూరు ఖద్దరు నేతలో పడుగు ఒకటి, పేక ఒకటి, మగ్గం ఒకటి కావాలి. స్వెట్టరు అల్లడానికి రెండు సూదులు కావాలి. సూది మీద ఒకేసారి వంద ఉచ్చులుంటాయి, ఒకటి జారితే కిందిదాకా జారుకుపోతుంది. బందరువానిపేట వైపు మత్స్యకారులు అల్లే వలలో ప్రతి కన్నుకీ ముడి ఉంటుంది, ముడి పడ్డాక రాదు.

క్రోషేలో మగ్గం లేదు, ముడి లేదు. కొన వంకీ తిరిగిన సూది ఒకటి, ఊలు ఉండ ఒకటి. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతాం, దాన్లోంచి మరొకటి. ఏ క్షణంలో చూసినా తెరిచి ఉన్న ఉచ్చు ఒక్కటే. అది సూది మీద ఉంటుంది. మిగిలినవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. అందుకే సూది తీసి కొస లాగితే వెనక్కి వెనక్కి విడిపోతుంది. ఇది భయపడవలసిన విషయం కాదు. తప్పు పోతే అంతవరకూ విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు, ఊలు వృథా కాదు. పని ఆపేటప్పుడు ఆ ఒక్క ఉచ్చుకి పిన్నీసు పెడితే చాలు, సంచీలో వేసుకుని బడికి పోవచ్చు.

మూడు కుట్లు వస్తే చాలు

పుస్తకాల్లో చాలా పేర్లుంటాయి. ఇంగ్లండు వాళ్ళు ఒక కుట్టుని డబుల్ అంటే అమెరికా వాళ్ళు అదే కుట్టుని సింగిల్ అంటారు. పుస్తకం చూసి అల్లేవాళ్ళు అది ఏ దేశం పుస్తకమో ముందు చూసుకోవాలి. మనం ఆ గొడవ లేకుండా మన పేర్లు పెట్టుకుందాం.

చైను: ముందు జారుముడి వేసి సూదికి ఎక్కించండి. ఊలుని సూది కొక్కేనికి తగిలించి, ఉన్న ఉచ్చులోంచి లాగండి. ఒక చైను అయింది. ఇలాగ ఎన్ని కావాలంటే అన్ని.

పొట్టి కుట్టు: సూదిని కింది కుట్టులో గుచ్చి ఊలు లాగండి. సూది మీద 2 ఉచ్చులుంటాయి. మళ్ళీ ఊలు తగిలించి రెండింట్లోంచీ ఒకేసారి లాగండి.

పొడుగు కుట్టు: ముందే సూదికి ఊలు ఒక చుట్టు చుట్టండి. తర్వాత కింది కుట్టులో గుచ్చి లాగండి. సూది మీద 3 ఉచ్చులుంటాయి. ఊలు తగిలించి మొదటి రెండింట్లోంచి లాగండి, మళ్ళీ తగిలించి మిగిలిన రెండింట్లోంచి లాగండి. పొట్టిదాని కంటే రెట్టింపు ఎత్తు వస్తుంది.

ఇంతే. ఇక ఏ కుట్టు ఎక్కడ గుచ్చాలన్నదే విద్య.

తాబేటి చిప్ప అల్లే పద్ధతి

మఫ్లరు కోసం చెబుతున్నాను. లావు ఊలు, 5 మిల్లీమీటర్ల సూది తీసుకోండి. సూది మీద నంబరు చెక్కి ఉంటుంది.

38 చైన్లు వేయండి. 

మొదటి వరుస: సూది నుంచి రెండో చైనులో 1 పొట్టి. తర్వాత 2 చైన్లు వదిలి, మూడోదాంట్లో 5 పొడుగు కుట్లు. అవును, అయిదూ ఒకే కంతలో. విసనకర్రలాగ విచ్చుకుంటాయి. అదే చిప్ప. మళ్ళీ 2 వదిలి తర్వాతదాంట్లో 1 పొట్టి. ఇలాగే చివరిదాకా. 6 చిప్పలు, 7 పొట్లు రావాలి.

రెండో వరుస: పని తిప్పండి. 3 చైన్లు వేయండి, ఇవి ఒక పొడుగు కుట్టు కింద లెక్క. ఆ మూడు చైన్లు లేచిన చోటే, అంటే కింది వరుస చివరి పొట్టి కుట్టులోనే, ఇంకా 2 పొడుగు కుట్లు. ఇది అరచిప్ప. తర్వాత కింది చిప్పలో నడిమి కుట్టు (అయిదింటిలో మూడోది) నెత్తిన 1 పొట్టి. ఆ తర్వాత రెండు చిప్పల నడుమ ఉన్న పొట్టి కుట్టులో 5 పొడుగు. మళ్ళీ చిప్ప నెత్తిన పొట్టి. చివర్లో మిగిలిన పొట్టి కుట్టులో 3 పొడుగు, అది ఇంకో అరచిప్ప.

మూడో వరుస: తిప్పండి. 1 చైను వేసి మొదటి కుట్టు మీదే 1 పొట్టి. తర్వాత వచ్చే పొట్టి కుట్టులో 5 పొడుగు. తర్వాత వచ్చే చిప్ప నడిమి నెత్తిన పొట్టి. చివరి పొట్టి కుట్టు, మొదట వేసిన మూడు చైన్ల పైకొసన పడాలి. 

ఇక నాలుగో వరుస రెండోదానిలాగ, అయిదోది మూడోదానిలాగ. రెండు వరుసలే తిరిగి తిరిగి వస్తాయి.

గుర్తు పెట్టుకోవడానికి ఒక్క మాట: పొట్టి మీద చిప్ప, చిప్ప మీద పొట్టి. ఎత్తుగా ఉన్న చోట పొట్టిది దిగుతుంది, పల్లంగా ఉన్న చోట చిప్ప లేస్తుంది. అందుకే సందు రాదు. కాగితం పారేసినా ఈ మాట ఒక్కటి గుర్తుంటే మీరు అల్లగలరు.

37 లెక్క

కొందరికి మఫ్లరు పైకి పోయేకొద్దీ సన్నబడిపోతుంది, చివరికి జెండాలాగ అయిపోతుంది. "అక్కా, ఏటిది ఇలాగైపోయింది?" అని తెస్తారు. అది చేతివాటం లోపం కాదు, లెక్క తప్పడం. ప్రతి వరుస చివరా లెక్క పెట్టుకోండి.

మొదటి వరుస: 6 చిప్పలు × 5 = 30. పొట్లు 7. మొత్తం 37.
రెండో వరుస: అరచిప్ప 3, పొట్లు 6, నిండు చిప్పలు 5 × 5 = 25, చివరి అరచిప్ప 3. మొత్తం 37.
మూడో వరుస: మళ్ళీ 30 + 7 = 37.

చూశారా, వరుస రూపం మారినా మొత్తం మారదు. 36 వస్తే ఎక్కడో ఒకటి ఎగిరిపోయింది. ఎక్కువసార్లు అంచు దగ్గరే పోతుంది. చివరి పొట్టి కుట్టుని మూడు చైన్ల కొసన వేయడం మరిచిపోతారు. అరచిప్ప వేయకుండా వదిలేసినా అంచు లోపలికి పోతుంది.

వెడల్పు మార్చుకోవాలంటే: చిప్పల సంఖ్యని 6 పెట్టి గుణించి 2 కలపండి, అన్ని చైన్లు వేయాలి. 6 చిప్పలకి 38. 20 చిప్పల రగ్గుకి 122. 

ఒకే కంతలో 5 కుట్లు దూర్చినా గుడ్డ ఎందుకు వెడల్పవదు? ఎందుకంటే అటు 2, ఇటు 2 వదిలేశాం. 2 + 1 + 2 = 5. అయిదు చోట్లకి అయిదు కుట్లే. వదలకుండా ప్రతి కంతలోనూ ఎక్కువ కుట్లు వేస్తూ పోతే గుడ్డ చదునుగా ఉండదు, కోడిజుట్టు పువ్వులాగ మడతలు పడుతుంది. ఆ మడతలకీ ఉపయోగముంది. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా అనే లెక్కల టీచరు సరిగ్గా అలాంటి మడతలు కావాలనే అల్లి, కాగితం మీద గీయడానికి వీలుకాని ఒక రకం జ్యామితిని విద్యార్థుల చేతిలో పెట్టారు. క్రోషే సూదికీ లెక్కల క్లాసుకీ సంబంధం లేదని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

ఎత్తు ఎలా వస్తుంది?

చిప్పలో అయిదు కుట్ల కాళ్ళు ఒకచోట, తలలు విడివిడిగా ఉంటాయి. కాళ్ళ దగ్గర ఇరుకైపోయి కొంచెం పైకి ఉబ్బుతుంది. ఇంకా ఎత్తు కావాలంటే తలలు కూడా ఒకచోట కట్టెయ్యాలి. దాన్ని గుబ్బ అందాం. ఒకే కంతలో 5 పొడుగు కుట్లు మొదలుపెట్టి, ప్రతిదాన్నీ చివరి లాగుడు లాగకుండా వదిలేయండి. సూది మీద మొదటి ఉచ్చుతో కలిపి 6 ఉచ్చులుంటాయి. ఊలు తగిలించి ఆరింట్లోంచీ ఒక్కసారి లాగండి. రేగుపండంత గుబ్బ వస్తుంది. అది మనకెదురుగా కాక అవతలివైపు ఉబ్బుతుంది. అందుకని వెనకవైపు మనకి కనబడే వరుసల్లోనే గుబ్బలు వెయ్యాలి. గుబ్బకి అటూ ఇటూ పొట్టి కుట్లుంటే ఇంకా బాగా లేస్తుంది. పక్క ముక్కలో పై అంచున 3 గుబ్బలున్నాయి, చూడండి.

ఈ ఎత్తుపల్లాలు అందం కోసమే కాదు. కదలని గాలి వేడిని బయటికి పోనివ్వదు. ఉబ్బిన చిప్పల కిందా గుబ్బల లోపలా గాలి చిక్కుకుని ఉంటుంది. ఒంటి వేడి ఆ గాలిలో ఆగుతుంది. పలచటి దుప్పటి ఒక్కటి కప్పుకున్నదానికంటే రెండు పలచటివి మడత పెట్టి కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది కదా, అదీ ఇదే. ఐతే చిప్పల కుట్టు సాదా కుట్టు కంటే ఎక్కువ ఊలు తింటుంది. అది ముందే తెలుసుకుని మొదలెట్టాలి.

రంగులు

కొత్త రంగు ఎక్కడ కలపాలి? వరుస అయిపోయాక కాదు. ఆ వరుస చివరి కుట్టులో ఆఖరి లాగుడు మిగిలినప్పుడు, అంటే సూది మీద 2 ఉచ్చులున్నప్పుడు, పాత రంగు వదిలి కొత్త రంగుతో లాగండి. ఎందుకంటే ఆ లాగిన ఉచ్చే తర్వాతి కుట్టుకి మొదలు. అలా చేస్తే ఒక రంగు మరొకదాంట్లోకి మరకలాగ పోదు.

ఇంకో కిటుకు. వరుసకో రంగు చొప్పున రెండే రంగులు వాడితే ప్రతి వరుసకీ ఊలు తెంచాలి. ఎందుకంటే పసుపు ఎడమవైపు ఆగిపోతుంది, మళ్ళీ దాని వంతు వచ్చేసరికి మనం కుడివైపు ఉంటాం. మూడు రంగులు వాడితే తెంచనక్కర్లేదు. మూడో వరుస అయ్యేసరికి మొదటి రంగు ఆగిన చోటికే వచ్చి ఉంటాం. అంచు మీదుగా వదులుగా పైకి తెచ్చుకుని అల్లుకోవచ్చు. పక్క ముక్కలో పసుపు, నలుపు, ఎరుపు వాడింది అందుకే. అయిదు రంగులైనా ఇలాగే కుదురుతుంది. సరి సంఖ్యలో రంగులుంటే ఒక్కో రంగుతో రెండేసి వరుసలు అల్లండి.

తెంచిన కొసలు జానెడు వదిలి, పెద్ద కన్నున్న సూదితో కుట్ల మధ్య అటోసారి ఇటోసారి దూర్చండి. ముడి వేసి కత్తిరిస్తే ఉతికేసరికి ఊడి వస్తుంది.

ఏ ఊలు? నెగడు దగ్గర జాగ్రత్త!

బజారులో ఊలు అని అమ్మేదాంట్లో చాలావరకు గొర్రె బొచ్చు కాదు, ఆక్రిలిక్ అనే కృత్రిమ దారం. చవకగా వస్తుంది, రంగు పోదు, వెచ్చగానే ఉంటుంది. కాని నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. అసలు ఊలు వెంటనే అంటుకోదు, నిప్పు తీసేస్తే తనంతట ఆరిపోతుంది.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మనలో చాలామంది సీతంపేట, భామిని, కురుపాం వైపు కొండ ఊళ్ళవాళ్ళం. ఇక్కడ సముద్రం దగ్గర చలి అంతగా తెలీదు. సంక్రాంతి సెలవులకి ఇంటికి పోతే తెల్లారేసరికి పొగమంచు, అందరం నెగడు చుట్టూ కూర్చుంటాం, చిన్నపిల్లలు అక్కడే పడుకుంటారు. మఫ్లరు కొసలు వేలాడేసుకుని నెగడు మీదికి వంగొద్దు. ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు అమ్మకీ అవ్వకీ ఈ మాట చెప్పి మరీ ఇవ్వండి.

ఏ ఊలో తెలుసుకోవాలంటే వేలెడు ముక్కని పట్టకారుతో పట్టుకుని మంటలో పెట్టాలి. జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే అసలు ఊలు. కరిగి గట్టి పూసలాగ అయితే ఆక్రిలిక్. ఈ పరీక్ష సైన్సు టీచరుగారి ఎదుటే చెయ్యాలి, గదుల్లో వద్దు.

ఉతికేటప్పుడు చన్నీళ్ళు వాడండి, పిండొద్దు, తువ్వాల్లో చుట్టి ఒత్తండి. తడిగా ఉండగా తాడు మీద వేలాడేస్తే బరువుకి సాగిపోతుంది. చాప మీద పరిచి ఆరబెట్టండి.

నరసాపురం మనకి చెప్పే పాఠం

మన రాష్ట్రంలో క్రోషే అంటే నరసాపురం. పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో వేలాది ఆడవాళ్ళు సన్నటి నూలు దారంతో లేసు అల్లుతారు. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు అక్కడ ఈ విద్య నేర్పారని చెబుతారు. గోదావరి ఒడ్డున ఏజెన్సీలో ఉన్న దుమ్ముగూడెంలో కూడా మిషన్ వాళ్ళు లేసు నేర్పారు. అంటే ఇది కొండ ప్రాంతానికి కొత్త విద్య కాదు. నరసాపురం లేసు విదేశాలకి పోయింది, ఇప్పటికీ పోతోంది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టుకుని వేరే ఊరి సరుకు అమ్మకూడదన్నమాట. మన చిప్ప కుట్టూ వాళ్ళ లేసు అంచుల్లో కనబడుతుంది. దారం సన్నం, సూది సన్నం, పద్ధతి ఒకటే.

అక్కడ పని ఎలా సాగేదంటే, పువ్వులు, బిళ్ళలు విడివిడిగా అల్లడం చేతిపని. ఆ ముక్కల్ని కలిపి బల్లగుడ్డగా తయారు చేయడం అతుకుపని. ఒకామె ఏళ్ళ తరబడి ఒకే రకం పువ్వు అల్లుతుంది. దళారీ వచ్చి దారం ఇస్తాడు, పువ్వులు పట్టుకుపోతాడు. బల్లగుడ్డ పూర్తయ్యాక ఎలా ఉంటుందో, ఏ దేశంలో ఎంతకి అమ్ముడవుతుందో పువ్వు అల్లిన ఆమెకి తెలీదు. మరియా మీస్ అనే జర్మనీ దేశపు పరిశోధకురాలు నరసాపురం వచ్చి వాళ్ళతో మాట్లాడి 1982లో ఒక పుస్తకం వేసింది. ఇంటి పనంతా చేసుకుని పైన రోజూ గంటల కొద్దీ అల్లినా వాళ్ళకి దక్కేది కూలి డబ్బుల కంటే చాలా తక్కువ అని అందులో చూపించింది. దానికి పెద్ద కారణం ఒక మాట: "ఇంట్లో ఖాళీగా కూర్చుని చేసే పనే కదా!" పని చేసే మనిషిని పనిమంతురాలిగా లెక్కెయ్యకుండా, తీరిక వేళ పొద్దు పుచ్చుకునే ఇల్లాలిగా లెక్కేశారు.

ఐర్లండులోనూ ఇలాగే జరిగింది. 1845 నుంచి బంగాళాదుంప పంట తెగులు పట్టి కరువొస్తే, అక్కడి ఆడవాళ్ళు ఎత్తైన గులాబీలు, ఆకులు క్రోషేతో అల్లి అమ్ముకుని బతికారు. అక్కడా ఒకరు పువ్వు, ఇంకొకరు ఆకు, మరొకరు అతుకు.

ఇంకో సంగతి. స్వెట్టర్లు అల్లే మిషన్లు కార్ఖానాల్లో ఉన్నాయి. క్రోషే మాత్రం చేతిపనే. బజారులో క్రోషే వస్తువు ఎక్కడ కనబడినా ఎవరో ఒక మనిషి కూర్చుని అల్లిందే. అది మరీ చవకగా ఉందంటే ఆ మనిషికి ఏమీ మిగల్లేదన్నమాట.

మా అప్ప పదో తరగతి అయ్యాక మఫ్లర్లు అల్లి అమ్మింది. ఒకాయన కొనడానికొచ్చి, ఊలు ఖరీదు మీద ఇంకో 20 రూపాయలిస్తానన్నాడు. "పొద్దుపోక అల్లిందే కదమ్మా, పోయిందేటి?" అన్నాడు. అప్ప దగ్గర జవాబు లేదు. ఎన్ని గంటలు అల్లిందో తనకే తెలీదు, ఎప్పుడూ రాసి పెట్టుకోలేదు. ఇచ్చేసింది.

అందుకే నేను చెప్పేది: ముక్క ఒక్కటి నేర్చుకుని ఆగిపోవద్దు. మొదటి చైను నుంచి చివరి అతుకు దాకా, ఊలు తూకం నుంచి గంటల లెక్క దాకా మొత్తం నేర్చుకోవాలి. 

మన రగ్గు లెక్క

వార్డెన్ మేడంగారు ఒప్పుకున్నారు కాబట్టి ఇప్పుడు అసలు విషయం. ఈ ఏడు కొత్తగా చేరిన మూడో తరగతి గుంటలకి ఒక రగ్గు అల్లుదామని అనుకుంటున్నాం. కిటికీ పక్క మంచం మీద పడుకునేవాళ్ళకి అది వాడుకోవచ్చు.

అయిదుగురు తలొక పట్టీ అల్లాలి. ఒక్కో పట్టీ వెడల్పు 6 చిప్పలు, అంటే జానెడు మీద కొంచెం. అయిదు పట్టీలు పక్కపక్కన పెట్టి అతికితే రగ్గు. ఒకరి చేయి బిగువు, ఒకరి చేయి వదులు ఉంటుంది కాబట్టి మొదట అందరం 10 వరుసలు అల్లి పక్కపక్కన పెట్టి చూసుకుందాం. బిగువు చేతివాళ్ళు ఒక నంబరు లావు సూది తీసుకుంటే సరిపోతుంది.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణ చెబుతాను. 10 వరుసలు 6 అంగుళాలు వచ్చాయనుకోండి. 60 అంగుళాల పొడుగుకి 100 వరుసలు. ఆ 10 వరుసల ముక్కని ల్యాబు తక్కెట్లో తూస్తే 20 గ్రాములు ఉందనుకోండి. పట్టీకి 200 గ్రాములు, రగ్గుకి కిలో ఊలు. ఒక వరుసకి 12 నిమిషాలు పడితే 100 వరుసలకి 1200 నిమిషాలు, అంటే 20 గంటలు. అయిదు పట్టీలకి 100 గంటలు. అతుకుపని వేరే.

100 గంటలు! గంటకి 30 రూపాయలు వేసుకున్నా 3000 రూపాయలు, ఊలు ఖరీదు కాకుండా. బజారులో మిషను రగ్గు దీనికంటే ఎంతో చవక. కాబట్టి రగ్గు అల్లి అమ్ముకోవడం కుదిరే పని కాదు. రగ్గు మనవాళ్ళకి కప్పడానికి. అమ్ముకోవాలనుకుంటే చిన్న టోపీలు, చంటిపిల్లల మేజోళ్ళు లాంటివి నయం. ఏది అల్లినా "పోయిందేటి?" అని ఎవరైనా అడిగితే, "ఇదిగో, ఇన్ని గంటలు" అని నోటుబుక్కు తీసి చూపించొచ్చు. వాళ్ళు ఇస్తారో ఇవ్వరో వేరే సంగతి. ఎంత తక్కువకి ఇస్తున్నామో మనకైతే తెలుస్తుంది.

గమనికలు

1. అల్లాలనుకునేవాళ్ళు ఆదివారం టిఫిన్లయ్యాక వరండాలోకి రండి. సూదులు 6 ఉన్నాయి. లెక్కపెట్టి ఇస్తాం, లెక్కపెట్టి తీసుకుంటాం. కత్తెర మేడంగారి దగ్గరే ఉంటుంది.

2. ఇళ్ళ నుంచి పాత స్వెట్టర్లు తెచ్చినా పనికొస్తాయి. విప్పి, తడిపి, ఆరబెడితే వంకరలు పోయి మళ్ళీ ఊలు అవుతుంది.

3. చదువు వేళల్లో అల్లడం లేదు. సాయంత్రం ఆటల తర్వాత గంట మాత్రమే.

4. ప్రతి పట్టీకీ ఒక పేజీ. తేదీ, ఎన్ని వరుసలు, ఎన్ని నిమిషాలు, అల్లినవాళ్ళ పేరు. చిన్నవాళ్ళు ఒక్క వరుస అల్లినా వాళ్ళ పేరు రాయాలి. రగ్గు పూర్తయ్యాక ఆ పేజీలు ఇక్కడే, ఈ గోడ మీద అతికిస్తాం.

— 9వ తరగతి విద్యార్థిని